వీపు మీది మచ్చ

మెక్సికోలోని లియోన్ ఊళ్లో ఒక ఆసుపత్రి. ఏడు నెలల నయేలి వీపు మీది నల్లమచ్చను, చర్మం లోపలి పొరలు చూపించే కాంతిలో ఫోటో తీస్తోంది అక్కడి ఉద్యోగిని. పాపను పట్టుకున్నది తల్లి.

"కుదురుగా ఉండదు సెన్యోరిటా, ఒకటే తన్నులు."

"తన్ననీ తల్లీ. పాత మిషనైతే నిమిషంసేపు కదలకుండా పట్టుకోవాలి. ఇది రెప్ప వేసేలోపు తీసేస్తుంది. అదిగో, అయిపోయింది."

"అమ్మా మరియమ్మ తల్లీ! తెర మీద ఆ రంగులేంటి? ఆకుపచ్చ, గులాబీ... వీపంతా పాకిపోయిందా?"

"ఆగాగు. మచ్చ మీద ఏమైనా అంటించావా?"

"జింకకన్ను గింజ. దిష్టి తగలకుండా మా అత్త అంటించింది. ఆసుపత్రి గుమ్మంలోనే పీకేశాను."

"గింజ పీకి టేపు వదిలేశావు! ఉందో లేదో తెలియని టేపు కూడా ఈ కాంతిలో కార్నివాల్ చేస్తుంది. గోరుతో లాగు, మళ్లీ తీద్దాం."

"లాగేశాను. తీయండి... హమ్మయ్య, రంగుల్లేవు! అంటే దీనికేం లేనట్టేగా?"

"ఆ రంగులు టేపువి. మచ్చ సంగతి డాక్టరమ్మ చూసి చెప్పాలి. గురువారం వస్తుంది."

"ఇవాళ శుక్రవారం! తీయడం రెప్పపాటు, చెప్పడం వారమా?"

"నా చేతిలో ఉన్నది తీయడమే."

"నేను ఆరో తరగతితో బడి మానేసినదాన్ని, ఆ తెర చూస్తే నాకేం తెలుస్తుంది? మీరు రోజూ ఎంతమందివి చూస్తారో. ఇది మామూలుగానే ఉందా? ఒక్క మాట చెప్పండి. మీరు చెప్పారని ఎవరితోనూ అనను."

ఆమె తెర వైపే చూస్తూ ఫోటోను డాక్టరమ్మకి పంపింది.

"సెన్యోరిటా?"

"పాపకి చొక్కా తొడుగు తల్లీ. గది చల్లగా ఉంది."