కమలక్క వాయిదా వేసిన పరీక్ష

మట్టెవాడ అక్కలారా, అన్నలారా, కమలక్క ఇంటాయన రాంచందర్ అన్నా, ఆమె బిడ్డ మానసా. పెళ్లిళ్ల గిరాకీ రోజుల్లో మన బజారు షటర్లన్నీ దించి ఈ సంతాప సభలో కూర్చున్నాం. కమలక్క మనకు ఏమవుతుందో ఇంకా వేరే చెప్పాలా? నేను శ్రీలతను. ఆమె గిన్నెల దుకాణం పక్కనే నా గాజుల దుకాణం. ఇరవై రెండేళ్లు ఒకే గోడకు చెరో వైపు కూర్చున్నాం.

పూలమ్మే మొగిలమ్మ ఎండదెబ్బకు పడిపోతే ఆటోలో ఎక్కించుకుని దవాఖానకు తీసుకెళ్లింది ఎవరు? రెండు రోజులు దుకాణం మూసి ఆమె మంచం పక్కన కూర్చుంది ఎవరు? అంత చేసిన మనిషి తన ఒంటి సంగతి ఎందుకు పట్టించుకోలేదు?

నెలసరి ఆగిపోయాక కమలక్క ఒళ్లు చేసింది. మనం ఏమన్నాం? సుఖపడుతోంది అన్నాం. నేనూ అన్నాను.

పోయిన చలికాలం మన బజారు సంఘం వాళ్లు పెట్టిన వైద్య శిబిరానికి కమలక్కతో కలిపి నలుగురం ఆడవాళ్లం వెళ్లాం. డాక్టరమ్మ టేపుతో నడుము కొలిచింది, బీపీ చూసింది. ముట్లుడిగాక రక్తనాళాలకు ఉన్న కాపుదల తగ్గుతుందని, పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు వాటిని చప్పుడు లేకుండా పాడు చేస్తుందని చెప్పింది. గుండె పరీక్షలు చేయించుకోమంది. కమలక్క నవ్వి, "పండుగ గిరాకీ అయినంక పోదాం తియ్" అంది. పండుగ అయిపోయింది. పెళ్లిళ్లు వచ్చాయి.

తర్వాత గోదాము మెట్ల మీద సగంలో ఆగడం మొదలైంది. ఎండకు ఆయాసమని చెప్పేది. పోయిన మంగళవారం వీపు లాగుతోందని, దవడ నొస్తోందని అంది. గ్యాస్ మాత్ర ఇచ్చింది నేనే. ఆ మాట చెప్పకుండా ఈ మైకు వదలలేను. "జర ఒరుగుత, ఫికర్ జెయ్యకు" అంది. మధ్యాహ్నం మానస అన్నం తెచ్చేసరికి బల్ల మీద తల వాల్చి ఉంది. దవాఖాన చేరేలోపే పోయింది. యాభై ఎనిమిదేళ్లు.

గుండె రక్తనాళం మూసుకుపోయిందన్నారు. ఒక్క రోజులో మూసుకుపోయిందా? ఆమె మన మధ్య నవ్వుతూ కూర్చున్న ఏళ్లన్నీ లోపల అదే జరుగుతూ వచ్చింది. మనకెవరికీ కనిపించలేదు.

అక్కలారా, డాక్టరమ్మ ఆ మాట ఒక్క కమలక్కకే చెప్పలేదు. నలుగురికీ చెప్పింది. నలుగురం ఊరుకున్నాం. ఇప్పుడు ముగ్గురం ఉన్నాం. రేపు పొద్దున పరీక్షలకు పోతున్నాం. ఏం తేలుతుందోనని నాకు భయంగా ఉంది. ఈ వరుసల్లో నా వయసు వాళ్లు ఇంకా ఎందరున్నారో చూస్తుంటే ఆ భయం పెరుగుతోంది.

రాంచందర్ అన్నా, మీరు కూర్చోండి. మిగతావాళ్లం కమలక్క కోసం లేచి నిలబడదాం. రెండు నిమిషాలు ఎవరం ఏమీ మాట్లాడొద్దు.