తడిస్తే ఎరుపు

నర్సరీలో తోటమాలి పీపాలా ఉన్న కాక్టస్ మొక్కను కుండీలోంచి లేపి వేళ్లు చూస్తున్నాడు. దాన్ని తెచ్చినావిడ ఎదురుగా నిలబడి ఉంది.

“సగం వేళ్లు కుళ్లాయి చెల్లెమ్మా. పీపాలా ఉంది కదాని పీపాలకు పీపాలు పోశావా?”

“రోజూ చెంబెడే అన్నయ్యా.”

“నెలకో చెంబే ఎక్కువ. ఒంటినిండా ఈ మడతలున్నాయే, వాటిలోనే నీళ్లు దాచుకుంటుంది. ఎవరూ చెప్పలేదా?”

“మా ఆయన చెప్పారు. ఈ రకానికి ముళ్లు తడిస్తే ఎర్రబడతాయనీ ఆయనే చూపించారు. నెలకోసారి నీళ్లు పోస్తూ, ‘ఇటు రావే, నా రెండో పెళ్లాం సిగ్గుపడుతోంది’ అని పిలిచేవారు.”

“ఇప్పుడు పిలవడం లేదా?”

“ఆయన పోయి ఎనిమిది నెలలైంది.”

“అయ్యో. అందుకా, రోజూ నీళ్లు?”

“ఆరితే మళ్లీ బూడిదరంగే కదా. ఎరుపు పోగానే ఆ పిలుపూ పోయినట్టుంటుంది.”

“కుళ్లినవి కోసేసి వారం ఆరబెడతాను, బతుకుతుంది. కానీ ఇక చెంబు ముట్టుకోకు.”

“మరి ఎరుపో?”

“వేలు తడిపి ఒక్క ముల్లుకి రాయి. మొక్కకి హాని ఉండదు.”

ఆవిడ పక్కనున్న బకెట్లో వేలు ముంచింది.

“నడిమి ముల్లు జాగ్రత్తమ్మా. కొక్కెంలా వంగి ఉంటుంది, పట్టుకుంటే వదలదు.”

“ఆయన్ని అలా పట్టుకుని ఉంటే బాగుండేది అన్నయ్యా.”