మచ్చ జరిగిందా?

ఉదయం వంటగది బల్ల మీద లాప్‌టాప్ తెరిచి ఉంది. కూతురు తెరవైపు చూడకుండా అరచేతులతో కళ్ళు మూసుకుంది.

"నాన్నా, ఎర్రటి మేఘంలో నల్ల మచ్చ కనిపిస్తోందా?"

"ఆఁ. ఎందుకే అంత ఎరుపు?"

"పక్కనున్న వేడి నక్షత్రాల వల్ల హైడ్రోజన్ వెలుగుతోంది. నా థీసిసంతా ఆ మచ్చ మీదే. మా గైడేమో కెమెరా అద్దం మీది దుమ్మంటున్నారు."

"తుడవకపోయావా మరి?"

"వెక్కిరించకు! టెలిస్కోపును కాస్త జరిపి మళ్ళీ ఫోటో తీశాం. అద్దం మీది దుమ్మయితే మచ్చ ఫోటోలో ఉన్నచోటే ఉంటుంది. ఆకాశంలోదైతే నక్షత్రాలతో పాటు జరుగుతుంది. ఆ రెండో ఫోటో ఇప్పుడే వచ్చింది. చూసే ధైర్యం లేక నిన్ను లేపాను."

"ఉండు, కళ్ళజోడు పెట్టుకోనీ... పాతదాంట్లో ఈ రెండు నక్షత్రాల మధ్య ఉంది. కొత్తదాంట్లో..."

"చెప్పు నాన్నా!"

"నక్షత్రాలు జరిగాయి. మచ్చ కూడా వాటి మధ్యే ఉంది. కళ్ళు తెరవవే పిచ్చిదానా!"

"అమ్మయ్య! నిజంగానే జరిగింది!"

"ఇంతకీ అదేమిటి?"

"దుమ్మే! నవ్వకు. చల్లటి దుమ్మూ వాయువూ కలిసిన ముద్ద. అందులోనే కొత్త నక్షత్రం పుడుతుంది."

"మరి మీ గైడ్‌కి ఫోన్ చెయ్యి."

"చేస్తాను. ముందు నువ్వు కూర్చో. ఇప్పటికిది మనిద్దరికే తెలుసు, కాసేపు అలాగే ఉండనీ."