బాల్యా డాలియా గడ్డలు

సాయంత్రం అయిదుంబావుకు మంగయ్య అరుగు మీద చాప పరిచి, గ్లాసుల్లో చాయ్ పోశాడు. లారీ నడపడం మానేసినప్పటి నుంచి అతనిది ఇదే వరస. ఆ వేళకు అరుగెక్కి మాట్లాడతాడు. ఎదురింటి ఐలయ్య గొర్లను దొడ్లోకి తోలి వచ్చి వింటాడు. సూర్యాపేటలో ఆ వీధికి అది మామూలే. 1989లో శివరాత్రి వెళ్లిన ఆ వారం మాత్రం అరుగు మీద మూడో మనిషి ఉంది. మిర్యాలగూడ బస్సు దిగి నేరుగా వచ్చిన నీలా. ఒళ్లో ఖాళీ గోనెసంచి.

నీలా సర్కారు దవాఖానలో నర్సు, ఇదివరకు ఈ వీధిలోనే ఉండేది. కిందటేడు ఎండాకాలంలో మిర్యాలగూడకు బదిలీ అయినప్పుడు, అక్కడ దొరికిన మేడ మీది గదికి మట్టి లేక, తన డాలియా గడ్డలను ఇసుక కుండతో సహా మంగయ్యకు అప్పగించింది. అవి ఆమె తండ్రి బాల్యావి. సాగర్ కాలనీ బంగళాల్లో మాలీగా చేసినన్నాళ్లూ ఆయన కాపాడుకున్న రకం. ముదురు ఎరుపు రేకులు, ప్రతి రేకు కొసన తెల్లటి చుక్క. అలాంటి పువ్వు ఆమె ఇంకెక్కడా చూడలేదు. బాల్యా ఇప్పుడు లేడు. ఆయన చేతివి ఆమెకు మిగిలినవి ఆ గడ్డలే. మొన్ననే ఆమెకు మిర్యాలగూడలో పెరడున్న ఇల్లు కిరాయికి దొరికింది.

"గడ్డలు తీసినవా కాకా?" అని అడిగింది.

"తీసుడా! జర చాయ్ తాగు బిడ్డా, చెప్త" అన్నాడు మంగయ్య. "దసరా ముంగట నాటిన. మొలకొచ్చింది. చలి ముదిరేటాలకు పువ్వు పూసింది, అన్నం పళ్లెమంత."

"అబద్ధమెందుకు, పళ్లెమంత పూసింది. నేను సూసిన" అన్నాడు ఐలయ్య.

ఆ ఒక్క సాక్ష్యం చాలు మంగయ్యకు. "పొద్దుగాల పళ్లెం. పగటీలికి జల్లెడ. పొద్దుమూకేటాలకు గొడుగు. ఇగ ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? నీ గొర్లు దాని నీడకు పండినయి ఐలన్నా, యాదికున్నదా?"

"నా గొర్లా? ఎన్ని?"

"మందకు మంద."

"మరి నాకెందుకు కనబడలే?"

"నువ్వు గూడ గా నీడకే పండుకుంటివి గద."

నీలా నవ్వలేదు. కథ గడ్డల దగ్గరికి ఎప్పుడొస్తుందా అని చూస్తోంది. లోపలి గదిలో ఎవరో దగ్గారు. మంగయ్య గొంతు పెంచాడు.

"గా పువ్వు సంగతి ఊర్లల్ల తెలిసింది. ఇగ జనం! అడిగినోనికల్ల ఇచ్చిన. ఆత్మకూరుకు ఇచ్చిన. కోదాడకు ఇచ్చిన. మునగాల కాడ దాబా పెట్టిన జైరాం, నా ఎనకటి క్లీనర్, వానికిచ్చిన. వాడు దాబా ముంగట పెట్టుకున్నడు. ఏమైందో ఎరుకేనా? రాత్రి పూట లారోళ్లు ఎర్ర లైటనుకొని బ్రేకులు కొట్టిన్రు. ఒకని ఎనక ఒకడు, కోదాడ దాకా లైను. పోలీసులొచ్చి పువ్వు మీద గోనె కప్పిన్రు. అయినా లారీలు కదలలే."

"ఎట్ల కదిలినయి మరి?" అన్నాడు ఐలయ్య.

"ఒక ఆకు తెంపి సూపెట్టిన్రు. పచ్చ లైటనుకొని పోయిన్రు."

ఐలయ్యకు చాయ్ పొలమారింది. మళ్లీ లోపల దగ్గు. మంగయ్య ఇంకా గట్టిగా అందుకున్నాడు.

"ఇగ గడ్డ సంగతి. తవ్వుతుంటే ఒడువది, కొస దొరకది. ఎడ్లు కట్టి గుంజినం, బండికెత్తి నేరేడుచర్ల మిల్లు కాడ లారీ కాంటా మీద పెట్టినం. కాంటా భూమిలకు కుంగింది. రంపంతోని కోసి ఊరూరికి పంచిన. కోదాడల కొంత, మిర్యాలగూడల కొంత. అందరడిగిరి, ఎట్ల కాదంట? అందుకే బిడ్డా..." అతను నీలా వైపు కాక వీధి వైపు చూశాడు. "ఇంట్ల ఒక్క ముక్క మిగలలే."

కథంతా ఈ ఒక్క మాట కోసమే నడిచిందని నీలాకు అర్థమైంది. "ఒక్కటి గూడనా?" అంది.

అప్పుడు లక్ష్మీనర్సమ్మ గుమ్మం పట్టుకొని బయటికొచ్చింది. మంగయ్యను పెంచిన చిన్నమ్మ. కళ్లకు పొర కమ్మి రెండేళ్లు దాటింది. మనుషులను గొంతుతోనే పోల్చుకుంటుంది.

"దవాఖాన నర్సమ్మనా? మంచిగున్నవా బిడ్డా? గడ్డలంటున్నరు, గంపల ఎండపెట్టినయేనా? తియ్యటి కందగడ్డలనుకొని శివరాత్రికి నేనే ఉడకబెడ్తి, ఒక్కపొద్దు ఇడువనీకి. ఏం గడ్డలో, జర్రంత తీపి లేకుండె. మా మంగడైతే ఏమనకుంట తిన్నడు. మంచిగున్నయి చిన్నమ్మా అన్నడు."

ఐలయ్య తన గ్లాసులోకి చూసుకున్నాడు. మంగయ్య చాప అంచు నుంచి ఒక పోచ పీకి, దాన్ని వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు.

"ఏందిరా, ఏమైంది?" అంది ముసలామె. "అవి గిట్ల ఈ పిల్లయా?"

నీలా ఆమె కళ్లలోకి చూసింది. తెల్లటి పొర మీద సాయంత్రపు వెలుతురు నిలిచి ఉంది.

"కాదవ్వా. అవి కందగడ్డలే. చప్పటియి దొరికినట్టున్నయి. నేనడిగినయి వేరే" అంది. గోనెసంచిని నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకుంది.

ఆమె వీధి మలుపు దాటాక ఐలయ్య అడిగాడు. "గన్ని చెప్తివి గద మంగన్నా. అండ్ల ఒక్కటన్న నిజముండెనా?"

మంగయ్య ఖాళీ గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పెట్టాడు. తాను ఏం చెప్పినా ఇక ఎవరూ నమ్మరని అతనికి తెలిసిపోయింది.

మరుసటి వారం దవాఖాన పని మీద నీలా సూర్యాపేట వచ్చి, అక్కడి నుంచి కోదాడకు పోతుంటే బస్సు మునగాల కాడ చాయ్‌కి ఆగింది. దాబా ముందు నీళ్ల డ్రమ్ము పక్కన పాత నూనె డబ్బాలో నడుమెత్తు మొక్క ఉంది. దానికి ఒకటే పువ్వు, అరచేతికి మించదు. ముదురు ఎరుపు, ప్రతి రేకు కొసన తెల్లటి చుక్క. దాబా అతని పేరు అడిగితే జైరాం అన్నాడు. పువ్వు ఎండకు వాడకుండా చుట్టూ నాలుగు పుల్లలు పాతి పైన గోనె కప్పి ఉంది.