నాలుగు గుడ్లగూబలు, రెండు నీలాలు

అదేంటి వదినా, నీలం అంటే నీలమే కదా! అందులో మళ్ళీ కొత్త నీలం, పాత నీలం అని రెండు జాతులుంటాయా?

సరే సరే, అరవను. తలుపు దగ్గరగా వేశావుగా, ఎవరికీ వినపడదులే. అయినా నన్ను విచారించడానికి నీకు ఈ గదే దొరికిందా? ఒక పక్క ఖాళీ అట్టపెట్టెలు, ఇంకో పక్క తడిబట్ట కర్ర, మధ్యలో నేను. ఎవరైనా తొంగి చూస్తే మూడింటినీ కలిపి బయట పారేస్తారు.

ఫిర్యాదు చేసింది ఆ పళ్ళ డాక్టరే కదా? చెప్పక్కర్లేదు, నీ మొహమే చెప్తోంది. ఎదురుగా కూర్చున్నప్పట్నుంచీ ఆయన నా మొహం చూడలేదు, నా కార్డుల కట్టనే చూస్తున్నాడు. పొద్దస్తమానం జనం నోళ్ళు తెరిపించి, పాత పళ్ళ వరసలో కొత్తగా కట్టిన పన్నేదో కనిపెట్టే మనిషి! కార్డులకి వేసిన ప్లాస్టిక్ తొడుగుల్లో యాభై ఆరు అరిగిపోయిన వాటి మధ్య నాలుగు కొత్తవి తళతళలాడుతుంటే ఆయన కంట పడకుండా ఉంటాయా?

రూలు నాకూ తెలుసమ్మా. కట్టలో కార్డులన్నీ వెనకనుంచి ఒక్కలా ఉండాలి. లేకపోతే పైనున్నది ఏ కార్డో తీయకముందే తెలిసిపోతుంది. ఈ రూలు నువ్వు నాకు చెప్తున్నావా? నీకు ఆట నేర్పిందెవరు?

అలా చూడకు. పెళ్ళయి వచ్చిన కొత్తలో, అన్నయ్య డ్యూటీకి వెళ్ళిపోతే ముందుగదిలో కూర్చుని గోడ గడియారానికి కాపలా కాసేదానివి. ఓ ముప్పై కార్డులు నీ ముందు పరిచి, ‘వదినా, ఇది కొట్టేది, ఇది కాచేది’ అని చెప్పింది ఈ మరిదే కదా? మొదటి వారమంతా నువ్వు ఓడిపోయావు. రెండో వారం నుంచి నేను గెలిచిన గుర్తు లేదు. గురువుకి ఆ మాత్రం మర్యాద కూడా మిగల్చలేదు నువ్వు.

తర్వాత నేనేం చేశాను? బుద్ధి గడ్డి తిని కార్డులన్నీ అమ్మేసి పాత స్కూటరు కొన్నాను. అది ఎనిమిది నెలలు నన్ను మోసింది, మిగతా నాలుగు నెలలు నేను దాన్ని మోశాను. నువ్వేమో ఆడుతూ ఆడుతూ, పరీక్ష రాసి, ఈ నల్ల చొక్కా తొడుక్కుని ఈ కార్డుల పోటీలకి జడ్జివయ్యావు. ఇంట్లో జడ్జి ఉంటే ఎంత లాభమో అనుకున్నాను. పొద్దున గుమ్మం దాటుతుండగానే చెప్పేశావుగా, ‘అక్కడ వదినా గిదినా జాన్తా నై’ అని.

అసలు మళ్ళీ ఈ ఊబిలో పడాలని నేననుకున్నానా? ఈ కార్డుల కొట్లో బిల్లుల మిషను మొరాయించిందని మా ఆఫీసువాళ్ళు నన్ను పంపారు. మిషను విప్పి, లోపల ఇరుక్కున్న కాగితం లాగుతున్నాను. వెనక బల్లల మీద ఎవరో కార్డులు కలుపుతున్నారు. ఆ చప్పుడు! ఆరేళ్ళయింది వదినా ఆ చప్పుడు విని. స్క్రూడ్రైవరు పట్టుకున్న చెయ్యి దానంతటదే కార్డులు కలపడం మొదలెట్టింది.

కానీ ధరలు వింటే కళ్ళు తిరిగాయి. ఒక్క వెండి గుడ్లగూబ కార్డు కొనాలంటే నా రెండు నెలల బస్సు పాసు. కట్టలో అవి నాలుగుండాలి! అందుకే కదా ఆఫీసుకి నడక మొదలెట్టింది. నాలుగు నెలల నడకకి రెండు గుడ్లగూబలొచ్చాయి. మూడోది బిల్లుల మిషను రెండుసార్లు ఊరికే బాగుచేసినందుకు కొట్టాయన ఇచ్చాడు. నాలుగోది పాడైపోయిన కార్డుల డబ్బాలో దొరికింది, కొట్లో పిల్లి దాని మూల కొరికేసిందట. పిల్లి కూడా ఖరీదైన కార్డే చూసి కొరికింది చూడు.

అమ్మేమో వీడు చిక్కిపోతున్నాడు, ఎవరినో ప్రేమిస్తున్నాడని అనుమానపడి నిన్ను వాకబు చేయమంది. నువ్వేమన్నావు? ‘అవునత్తయ్యా, పిట్టనే’ అన్నావు. పాపం ఆవిడ వారం రోజులు ఆ పిట్ట ఎవరింటి పిల్లో అని ఆరా తీసింది.

మిగతా యాభై ఆరూ కప్పలూ, వాటి పరివారమూ. పెద్ద ఆటగాళ్ళు ప్యాకెట్లు విప్పి, మంచివి ఏరుకుని, బల్ల మీదే వదిలేసి పోయే కప్పలు! ఊడ్చేసేముందు ఏరుకున్నాను. విడిగా ఒక్కో కప్పా ఎందుకూ కొరగాదు. కానీ మందగా చేరాక పైనుంచి గుడ్లగూబ వాలిందనుకో, అన్నిటికీ ఒక్కసారి రెక్కలొస్తాయి. ఎగిరే కప్పల్ని ఎవరాపుతారు? నువ్వు కూడా నవ్వావు మొన్న నేను చూపించినప్పుడు. ఇప్పుడు నవ్వకపోతే పోనీలే.

ఇంకో సంగతి. నేను ఫొటోకాపీ మిషన్లు బాగుచేసేవాణ్ణి. ఒక్క బటను నొక్కితే గుడ్లగూబలు గుంపులు గుంపులుగా బయటికొస్తాయి. నొక్కానా? లేదు! కాళ్ళరిగేలా నడిచాను గానీ ఒక్క దొంగ కార్డు పెట్టుకోలేదు.

ఆ, తొడుగుల సంగతికే వస్తున్నాను. నీళ్ళు నమలడం లేదు.

కప్పలకి నా పాత నీలం తొడుగులే వేశాను, అటకమీద డబ్బాలో ఆరేళ్ళుగా పడున్నవి. గుడ్లగూబలు కొట్టాయన ఇచ్చినప్పుడే కొత్త నీలం తొడుగుల్లో వచ్చాయి. విడి కార్డు అమ్మేటప్పుడు అలాగే ఇస్తారు కదా. అదే కంపెనీ, అదే నీలం. మా గదిలో బల్బు వెలుతురు సంగతి నీకు తెలుసుగా? అందులో నా రెండు చొక్కాలే ఒకేలా కనిపిస్తాయి. ఇక్కడేమో నెత్తిన తెల్లటి ట్యూబులైట్లు, పక్కన ఇంత కిటికీ.

కొత్త తొడుగులు ఒక ప్యాకెట్టు కొనుంటే అయిపోయేది. తెలుసు. ఇంకో పది రోజులు నడిస్తే వచ్చేది. కానీ పోటీ ఇవాళైపోయె.

ఇప్పటికి నాలుగాటలయ్యాయి. మూడు గెలిచాను, ఒకటి ఓడాను. డాక్టరుదీ అదే లెక్క. ఈ ఐదోది గెలిచినవాడికి పెద్ద పోటీలో సీటు. ఆ సీటు కోసం ఇరవై ఏళ్ళప్పుడు ఎంత ఏడ్చానో నీకు తెలుసు, ఆఖరాటలో ఓడి ఇంటికొస్తే తలుపు తీసింది నువ్వే. ఏమీ అడక్కుండా మంచినీళ్ళ గ్లాసిచ్చి లోపలికెళ్ళిపోయావు.

కాబట్టి జడ్జిగారూ, మీ చేతిలో కాగితం మీదున్నవి రెండు గళ్ళు. ‘తెలియక’ అనే గడిలో టిక్కు పెడితే ఈ ఆటలోని మూడు పందేల్లో ఒకటి డాక్టరుకి పోతుంది. మిగతా రెండూ ఆడుకుంటాను, గెలిచినా గెలుస్తాను. ‘తెలిసి’ అనే గడిలో పెడితే ఇవాళ్టికి ఇంటికి, ఏడాదిపాటు ఏ పోటీకీ రాకూడదు. అంతేగా?

అడగండి మరి. తెలుసా, తెలీదా అని అడగండి. జవాబు సిద్ధంగా పెట్టుకున్నాను.

ఏంటి, రాసేస్తున్నావా? అదేంటి... ‘తెలియక’ అనా?

అడగవా? ఒక్క ముక్క కూడా అడగవా? ఆ డాక్టర్ని అయితే అడిగేదానివి. ఆ కొట్టాయన్ని అడిగేదానివి. ‘మా వాడు అలాంటివాడు కాదు’ అని నీకు నువ్వే తీర్పు చెప్పేసుకున్నావా? ఇదేం జడ్జితనం వదినా! ఇందాకట్నుంచీ నోరు నొప్పెట్టేలా వాదిస్తున్నానే, ముందే నమ్మేసినదానివి ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా!

ఆగు. పెన్ను ఎత్తు.

ఎత్తమంటున్నానా!

మూడో ఆటలో చూశాను.

అవును, ఆ లైబ్రరీ మేడంతో ఆఖరి పందెం ఆడుతున్నప్పుడు. కట్ట మీద మెరుస్తూ ఒకటి కనిపించింది. ముందు దుమ్మనుకున్నాను. దుమ్మెక్కడైనా మెరుస్తుందా? అప్పుడే చెయ్యెత్తి నిన్ను పిలవాలి. పిలిస్తే ఒక్క పందెంతో పోయేది. చెయ్యి లేపాను కూడా. లేపి, తల గోక్కున్నాను.

మామూలుగా అయితే నా చేతిలో ఉన్న మూడు కప్పల్నీ అప్పుడే బల్ల మీద దింపేసేవాణ్ణి. కానీ తర్వాత వచ్చేది గుడ్లగూబేనని తెలిసిపోయిందిగా? రానీ, అన్నీ ఒకేసారి ఎగరేద్దాం, ఆవిడ నోరెళ్ళబెడుతుంది అనుకుని ఆగాను. మోసం అంటే అదే కదా? అదే. దానికి ఇంకో పేరు పెట్టడానికి తర్వాత మొత్తం ఒక ఆటసేపు ప్రయత్నించాను, దొరకలేదు.

నాలుగో ఆటంతా కళ్ళు మూసుకుని కార్డులు తీశాను, నిజం. ఎదురుగా ఉన్నాయన నేను దండం పెట్టుకుంటున్నాననుకుని తీసినప్పుడల్లా కాసేపు ఆగాడు పాపం. అలా చేస్తే చెల్లుకు చెల్లు అనుకున్నాను. నీతో చెప్పడం మాత్రం చెయ్యలేదు.

అలా చూడకు. ఇందాక నమ్మినప్పుడు కూడా ఇలాగే చూశావు, రెండింటికీ తేడా తెలీడం లేదు నాకు.

ఏంటి? మూడో ఆట ఏమైందా?

అదే కదా వదినా! నేను కప్పల్ని దాచుకుని కూర్చున్నాను. ఎదురుగా అడ్డం ఒక్కటీ లేకపోయేసరికి ఆవిడ తిన్నగా వచ్చి నన్ను బాదేసింది. గుడ్లగూబ నా చేతికొచ్చే లోపే ఆట అయిపోయింది. బుద్ధిగా కప్పల్ని దింపి ఉంటే ఆ పూట గట్టెక్కేవాణ్ణేమో! ఇవాళ నేనోడిన ఒకే ఒక్క ఆట అదే.

రాయి. ‘తెలిసి’ అనే గడిలోనే పెట్టు టిక్కు. డాక్టరుగారికి నేనే వెళ్ళి చెప్తాను, ఆయన పళ్ళు నూరే లోపు.

కానీ వదినా, ఆ కింద ఖాళీ ఉంది చూడు, అక్కడ ‘మోసం చేసి కూడా ఓడిపోయాడు’ అని ఒక్క ముక్క రాయి. లేకపోతే ఏడాదిపాటు జనమంతా నాకు మోసం చెయ్యడం చేతనవునని అనుకుంటారు.