పాట వెనక గొంతు

రీళ్ల మామ నోరు తెరిచాడంటే టీకొట్టులో గ్లాసులు చల్లారిపోవలసిందే. పాత టేపులు బాగుచేసి కంప్యూటర్లోకి ఎక్కించడం ఆయన పని, ఆ పని గురించి కోతలు కొయ్యడం ఆయన ఊపిరి. ఆ సాయంత్రం బల్ల చివర కూర్చున్న దర్జీకి మాత్రం నవ్వు రావడం లేదు. పోయిన భార్య గొంతు ఈ లోకంలో ఒక్క టేపులోనే ఉంది. ఎప్పుడో తను రేడియో ముందు రికార్డరు పెట్టి పాట ఎక్కిస్తుంటే, ఆవిడ వెనకనుంచి ఏదో మాట్లాడింది. పోయిన వారం ఆ టేపు మామ చేతిలో పెట్టి, "గొంతు జాగ్రత్త మామా" అన్నాడు. అంతకుమించి చెప్పడానికి సిగ్గేసింది.

"మన దర్జీ టేపు సంగతే చూడండి," మొదలెట్టాడు మామ. "చుట్టకి చుట్ట అంటుకుపోయింది. సన్నని సెగ మీద ఆరబెట్టి, పసిపిల్ల జడ విప్పినట్టు విప్పాను. ఒక్కసారి తిరిగింది, అంతే, కంప్యూటర్లోకి లాగేశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బుస్సుమని చప్పుడు, తీసేశా. ఫ్యాను చప్పుడు, తీసేశా. పక్కవీధిలో కుక్క మొరుగుతోంది, దాన్నీ తరిమేశా."

"కరవలేదా మామా?" అన్నాడు పక్కబల్ల మీద టీ తాగుతున్న లారీ డ్రైవరు.

"మీదికొచ్చింది, వాల్యూం తగ్గించా. అదేం చూశావు, టేపు నిండా వాన. వాననీ ఆపేశా. ఆపితే మా వీధిలో పడే వాన కూడా ఆగిపోయి, మా ఆవిడ బట్టలు ఆరేసుకుంది. కావాలంటే వెళ్లి అడగండి."

"అడుగుతాంలే," గ్లాసులు కడుగుతూ అంది టీకొట్టు అక్క.

"హార్మోనియం ఆయనకి తుమ్ము రాబోతోంది, రాకముందే పట్టేసుకున్నా. ఆ పాట పాడినావిడ ఎప్పుడో పోయిందా, కల్లోకొచ్చి, నాయనా నేనింత బాగా పాడలేదే అని దణ్ణం పెట్టి మరీ వెళ్లింది."

అందరూ నవ్వారు. మామ ఒక్కో చప్పుడూ తీసేశానంటుంటే దర్జీకి గుండె జారుతోంది. అడగాలని ఉంది, అడగడానికి భయంగా ఉంది.

"అసలుది మర్చిపోయా," అన్నాడు మామ. "పాట మధ్యలో ఎవరో ఆడమనిషి, కత్తెర ఎక్కడ పెట్టారండీ, భోజనానికి లేవండీ అని ఒకటే గొణుగుడు. బంగారంలాంటి పాటకి ఆ దిష్టి ఎందుకని, కూరలో కరివేపాకులా తీసి పారేశా."

"ఆవిడ మా ఆవిడ మామా," అన్నాడు దర్జీ. గొంతు పెంచలేదు. "ఆ పాట రేడియోలో ఇప్పటికీ వస్తూనే ఉంది. నేను టేపు ఇచ్చింది ఆ గొణుగుడు కోసం."

డ్రైవరు నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"టేపు ఉందా?" అడిగాడు దర్జీ.

"ఒక్కసారి తిరగ్గానే టేపు మీది పొడంతా రాలిపోయింది, ఇంక పలకదు."

"పోనీ, శుభ్రం చెయ్యకముందు కంప్యూటర్లోకి ఎక్కించింది ఉందా?"

మామ తల వంచుకున్నాడు. "చోటు దండగని చెరిపేశా."

అక్క పొయ్యి తగ్గించింది. దర్జీ తిట్టాలనుకున్నాడు. తిడితే ఆ గొంతు తిరిగొస్తుందా ఏమన్నా. ఆవిణ్ణి రెండోసారి సాగనంపినట్టుంది, ఈసారి తన చేత్తోనే తీసుకెళ్లి అప్పగించాడు.

"ఇంకో కోత కొయ్యి మామా," అన్నాడు చివరికి. "ఆవిడ గొంతు ఎక్కడో దాచానని చెప్పు. నేను నమ్ముతాను."

జన్మలో మొదటిసారి రీళ్ల మామకి అబద్ధం దొరకలేదు.