మూడు వందల మంది రాసుకున్న పేపరు

“పక్కింటి లక్ష్మీరాజం వాడంత చెప్పుకుంట తిరుగుతుండు బిడ్డా. నువ్వు జన్యువుల మీద రాసిన పేపరు పేరును మూడు వందల మంది సైంటిస్టులు తమ పేపర్లల్ల రాసుకున్నరట. సోమవారం ఇంటర్వ్యూల నౌకరి నీకే పక్కా అంటుండు.”

మరమగ్గం ఆపి మురిసిపోతున్న తండ్రి ముందు కూతురు తల వంచుకుంది.

“గా పేపరు తప్పు బాపు. ల్యాబుల రెండు ట్యూబుల మీది చీటీలు తారుమారు అంటించిన. మొన్ననే ఎరుకైంది. పేపరు వాపస్ తీసుకుంటనని అచ్చేసిన పత్రికోళ్లకు ఉత్తరం రాసిన, ఇంక పంపలే.”

“పంపకు! జర ఆగు, నౌకరి రానీ.”

“గంతల ఇంకెంతమంది దాన్ని నమ్మి పని మొదలుపెడ్తరో!”

“ఒక్క పోగు తప్పితే బట్ట తాను మొత్తం కాలవెడ్తమా?”

“ఒక్క పోగు కాదు బాపు. నేను చెప్పిందంత గా రెండు ట్యూబుల మీదనే నిలవడ్డది.”

“నీకంటె పెద్ద చదువులోళ్లు మూడు వందల మంది చూసిండ్రు. ఒక్కడన్న తప్పు పట్టిండా? నీకొక్కదానికే ఎందుకే గీ పరేషాన్?”

“గా ప్రయోగం మళ్ల చేసి చూసినోడు ఒక్కడు లేడు బాపు. చేస్తే తప్పు మొదటి దినమే దొరుకుతుండె. ఒకడు రాసిండని ఇంకొకడు రాసిండు.”